చెవి చూస్తే పది రూపాయలు

పోయిన నెల విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఒక కొట్టులో కొత్త కళ్లజోడు చేయించుకున్నాను. కొట్టాయన జోడు నా ముక్కు మీద పెట్టి, రెండు కాడలూ చెవుల వెనక్కి సర్ది, "కుడివైపు ఒరుసుకుంటోందా సార్? కాస్త వదులు చేయమంటారా?" అని అడిగాడు. నేను కుడిచెవి మీద చెయ్యి వేసుకుని అద్దంలో చూసుకుంటూ కూర్చుండిపోయాను. నాకు వినపడలేదనుకుని ఆయన గొంతు పెంచి మళ్లీ అడిగాడు. "వినపడుతోందయ్యా, వినపడుతోంది" అని విసుక్కున్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమె గుర్తొచ్చింది. ఆ విసుగు కూడా ఆమెదే.

ఆమె పేరు రాయను. పేరుతో, బొమ్మతో ఆమెని ఒకసారి ఊరేగించారు, అది చాలు. అందులో నా చెయ్యి కూడా ఉంది.

నేను అప్పుడు ఉద్దానం వైపు ఒక పట్నంలో, ఆసుపత్రిలో గుమాస్తాని. వారానికోసారి వికలాంగుల సర్టిఫికెట్ల కోసం క్యాంపు పెట్టేవారు. డాక్టర్లు చూసి శాతం చెప్పేవారు, నేను కంప్యూటర్లో కొట్టేవాడిని. కాలికి ఇంత, కంటికి ఇంత, చేతికి ఇంత. పొద్దున్నుంచి మనుషుల్ని అలా శాతాల్లో చూశాక అన్నం ఎలా సహిస్తుందని మీరడగొచ్చు. బాగానే సహించేది. ఒంటి గంటకి క్యారేజీ విప్పుకుని, పక్కవాడి కూర కూడా వేయించుకుని తినేవాడిని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకు రోత పుడుతోంది గానీ, అప్పుడు మాత్రం పుట్టలేదు.

ఆరోజు వరసలో ఆమె నిలబడ్డ తీరు నాకు బాగా గుర్తు. నలభై అయిదేళ్లుంటాయేమో. పమిట తల మీదుగా కప్పుకుని, కుడివైపు అంచుని పళ్లతో పట్టుకుంది. కళ్లజోడుకి ఎడమ కాడ చెవి మీద ఉంది, కుడి కాడకి మాత్రం పురికొస కట్టి, దాన్ని తల వెనకనుంచి తిప్పి ఎడమ కాడకి ముడేసింది. అయినా జోడు ఒక పక్కకి జారుతూనే ఉంది. నిమిషానికోసారి కుడిచేతి చూపుడువేలితో దాన్ని పైకి తోసుకునేది. మాట్లాడుతున్నా, నడుస్తున్నా, దణ్ణం పెడుతున్నా ఆ వేలు పైకి లేవడం ఆగేది కాదు.

డాక్టరు కొంగు తీయమన్నాడు.

"తీస్తాను. డాక్టరు బాబుకి ఊరికే. ఇంకెవులు సూసినా పది రూపాయిలు" అంది. ముఖంలో నవ్వు లేదు.

డాక్టరు నవ్వాడు, నర్సు నవ్వింది. నేను కుర్చీలోంచి సగం లేచి, మెడ సాచి చూశాను. చెవి ఉండాల్సిన చోట ఒక చిన్న కన్నం, దాని చుట్టూ ముడుచుకుపోయిన నున్నటి చర్మం. ఆమె కళ్లు నా వైపు తిరిగాయి.

"నువ్వు డాక్టరువి కావు గదా. పది రూపాయిలియ్యి."

"తర్వాత ఇస్తాలే" అన్నాను. ఆ తర్వాత అనేది చాలా ఏళ్లు సాగింది.

జీడితోటలో తెల్లవారుజామున రాలిన పిక్కలు ఏరుతుంటే ఎలుగుబంటి ఆమె మీద పడింది. మా ఉద్దానంలో ఇది వింతేమీ కాదు, ఏడాదికి ఒకరో ఇద్దరో దాని బారిన పడుతూనే ఉంటారు. ఆమె ఆ సంగతి చెప్పే పద్ధతి వేరుగా ఉండేది. భయం, ఏడుపు ఏమీ ఉండవు. ఎలుగు మీద ఫిర్యాదు చెప్తున్నట్టు ఉంటుంది. "ఎనకనుంచి వొచ్చినాది. సెవి పీకినాది. నమిలి సూసింది, రుసి నేదని ఉమ్మీసినాది. తినకపోతే ఎందుకు పీకాల, సెప్పు?" తమ్ముడు ఆకుల్లో వెతికి చెవిని లుంగీలో మూటగట్టుకుని మోటారు సైకిల్ మీద ఆసుపత్రికి తెచ్చాడట. అప్పటికే ఆలస్యమైపోయింది. "సెవి పారీసినారు, దాని పోగు మాత్రం సేతికిచ్చినారు" అని ముగించేది. ఆ బంగారు పోగుని గుడ్డపీలికలో కట్టి బొడ్లో దోపుకుని తిరిగేది.

ఆరోజు డాక్టరు ఆమె వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టాడు, వేళ్లు రుద్ది చప్పుడు చేశాడు, గుసగుసగా అంకెలు చెప్పాడు. అన్నిటికీ ఆమె టకటకా జవాబు చెప్పింది. చివరికి విసుగొచ్చి, "ఇనపడతంది బాబూ, ఇనపడతంది. నువ్వు మనసులో అనుకున్నాది గూడా ఇనపడతంది" అంది.

"వినికిడి బాగుంది. సున్నా" అన్నాడు డాక్టరు నాతో.

"చెవి లేదు కదా సార్?" అన్నాను.

"బయటి చెవి అందానికయ్యా. అది లేకపోతే ఏ పని ఆగుతుంది?"

ఆమె వేలు మళ్లీ జోడు మీదకి వెళ్లింది. "అందానికైతే నాను ఇంత దూరం వొస్తానేటి? నా మొగుడు బరంపురంలో ఇంకోదాన్ని సూసుకున్నాడు, ఇంక నా అందం ఎవులికి గావాల? నాను జీడిపప్పుకి పొట్టు తీస్తాను. జోడు నేకపోతే పొట్టు కనపడదు. సెవి నేకపోతే జోడు నిలబడదు. నువ్వు జోడు దేనికి తగిలించుకున్నావు బాబూ?"

డాక్టరు కూడా జోడు పెట్టుకునే మనిషే. ఆ మాటకి గదిలో అందరం నవ్వాం. నవ్వుతూనే నేను సున్నా కొట్టాను. ప్రింటు తీసి చేతికిచ్చాను. ఆ కాగితం ఉంటే కృత్రిమ అవయవాలకి సాయం దొరుకుతుంది. అందులో సున్నా ఉంటే దొరకదు. ఉచిత వైద్యం కార్డు మీద చెవి పెట్టిస్తారేమోనని అడిగితే, తెగిన చెవిని కుట్టడానికి కార్డు పనికొస్తుందట, అసలు చెవే లేనివాళ్లకి కొత్తది పెట్టడానికి పనికిరాదట. కౌంటరు దగ్గర కూర్చున్నవాడు ఈ మాట ఆవలిస్తూ చెప్పాడు. విశాఖపట్నంలో ఒకచోట డబ్బు కట్టించుకుని సిలికాన్ చెవి చేసిపెడతారు. వాళ్లడిగింది ఆమె ఏడాది కూలి.

మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర ఆమె ఒంటరిగా కూర్చుని ఉంటే జాలేసింది. జాలి వేస్తే మాలాంటివాళ్లం చేసే పని ఒకటుంది, అడ్డదారి చెప్పడం. "వచ్చే క్యాంపుకి మళ్లీ రా అప్పా. కుడివైపు వినపడటం లేదని చెప్పు. చప్పట్లు కొట్టినా పలక్కు. నేను చూసుకుంటాను" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "పప్పు ట్రేలో ఏస్తే గుండుకి ఒక సప్పుడు, బద్దకి ఒక సప్పుడు ఉంటాది, తెలుసా నీకు? జోడు జారిపోయినప్పుడు నాను ఆ సప్పుడు బట్టే ఏరతన్నాను. ఎలుగు పీక్కోనేనిది నా దగ్గిర అదొక్కటే మిగిలింది. దాన్ని గూడా నేదని రాసిమ్మంతావా?"

గుండు అంటే విరక్కుండా వచ్చిన పప్పు, బద్ద అంటే రెండుగా చీలింది. గుండుకి ఉన్న ధర బద్దకి ఉండదు. ఆమె చెప్పింది నమ్మకుండా, దసరాకి పప్పు కొనే వంకతో ఆమె పనిచేసే ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆడవాళ్లు వరసగా కూర్చుని చిన్న కత్తులతో పొట్టు గీకుతున్నారు. ఆమెని మాత్రం వెనక, బస్తాల చాటున కూర్చోబెట్టారు. కళ్లు మూసుకోమని, ఒక్కొక్క పప్పే స్టీలు ట్రేలో వేశాను. "గుండు. గుండు. బద్ద. ఇది గుండే గానీ మూతి ఇరిగింది." ఒక్కటీ తప్పు పోలేదు. చుట్టూ ఆడవాళ్లు ఇదంతా రోజూ చూసేదే అన్నట్టు తలెత్తకుండా పనిచేసుకుంటున్నారు.

"ఇంత బాగా చేస్తుంటే వెనకెందుకు కూర్చోబెట్టారు?" అని షావుకారిని అడిగాను.

"పప్పు కొనీవోలు లోపలికొచ్చి సూస్తారు కదా బాబూ. తినే సరుకు. ఆ కన్నం సూస్తే ఆలకి ఎలాగుంటాది?" అన్నాడు. "సెవి ఎట్టించుకోమన్నాను. పండగెల్లేదాకా సూస్తాను. కాదంతే, నానేటి సెయ్యను?"

అప్పటికి నాకు అసలు సంగతి అర్థమైంది. కళ్లజోడు సంగతి పురికొసతో ఎలాగో నడిపించుకుంటోంది. ఇప్పుడు చెవి లేకపోతే కూలే పోతుంది. నేను కొట్టిన సున్నా ఆమె అన్నంలో పడింది.

నాలాంటివాడికి ఇలాంటప్పుడు ఒక పెద్దమనిషి దొరుకుతాడు. మా పట్నంలో రొయ్యల చెరువుల మీద బాగా వెనకేసిన ఆసామి ఒకడు సేవాసంఘం పెట్టాడు. కాళ్లు లేనివారికి కాళ్లు, చేతులు లేనివారికి చేతులు ఉచితం అని దండోరా వేయించాడు. జాబితా తయారుచేసే పని ఆసుపత్రి తరఫున నాకిచ్చారు. ఆమె పేరు రాశాను. ఆ పెద్దమనిషి జాబితా చూసి సంబరపడిపోయాడు. "చెవా? చెవి ఇంతవరకూ ఎవడూ ఇవ్వలేదు! పేపర్లో వస్తుంది" అన్నాడు.

కొలతలు తీసుకునే రోజు ఫోటోలు తీయాలన్నాడు. ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఫోటోగ్రాఫరు ఎన్నిసార్లు తీసినా ఆయనకి నచ్చలేదు. "కన్నం సరిగ్గా రావటం లేదు. జుట్టు అడ్డం వస్తోంది. ఏమయ్యా గుమాస్తా, కొంచెం పక్కకి తియ్యి" అన్నాడు. నేను వెళ్లి ఆమె పమిట కిందకి లాగి, రెండు వేళ్లతో జుట్టు ఎత్తి పట్టుకున్నాను. ఆమె తల నా చేతి కింద బిగుసుకుపోయింది. మెడ నరం కొట్టుకోవడం వేళ్లకి తెలుస్తోంది. ఫోటోగ్రాఫరు ఇంకాస్త, ఇంకాస్త అంటున్నాడు, నేను పడుతూనే ఉన్నాను. అక్కడ పదిమంది ఉన్నారు. అందరూ చూశారు. ఆరోజు ఆమె ఎవరినీ పది రూపాయలు అడగలేదు. ఇప్పటికీ అన్నం కలుపుతుంటే ఒక్కోసారి ఆ రెండు వేళ్లూ నావి కావేమో అనిపించి చెయ్యి కడుక్కొస్తాను.

చెవి తయారై వచ్చి, రెండో ఫోటో కూడా తీశాక, వారం తిరక్కుండా బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క ఆమె కన్నం, ఒక పక్క ఆమె కొత్త చెవి, మధ్యలో దణ్ణం పెడుతూ ఆయన. ఆమె కొత్త చెవి పెట్టుకోకుండానే దాని కింద నిలబడి, వేలితో జోడు తోసుకుంటూ చాలాసేపు చూసింది. నేను పక్కకి తప్పుకుందామనుకునే లోపు పిలిచింది.

"నా కన్నం కంటే ఆయన మొకం పెద్దగా ఉన్నాది, సూసినావా?" అంది. పమిట అంచు సర్దుకుని, "ఊరంతా ఊరికే సూసిస్తన్నారు బాబూ. ఇంక నాకు పది రూపాయిలు ఎవులిస్తారు?" అంది.

నవ్వాలో వద్దో తెలియక నవ్వాను.

చెవి ఆమె రంగుకి తగ్గట్టు లేదు. పట్నంలో నీడపట్టున ఉండేవాళ్ల రంగు. అయినా అచ్చం చెవే, గీతలూ మడతలూ అన్నీ ఉన్నాయి. ఒక్కటే లోటు, దానికి బెజ్జం లేదు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "కుట్టని సెవి సెవేటి? పోగు ఎక్కడ ఎట్టుకుంతాను?" అంది. ఇచ్చినవాళ్లలో ఒక్కడికైనా ఆ ఆలోచన రాలేదు. వాళ్ల ఇళ్లలో మాత్రం పిల్ల పుట్టిన ఏడాదికల్లా కుట్టిస్తారు.

ఆదివారం పొద్దున్న నన్ను ఇంటికి రమ్మంది. వెళ్లేసరికి వాకిట్లో చాప వేసి ఉంది. చెవులు కుట్టాలంటే పిల్లని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కదా. తమ్ముడు తలంటుకుని, కొత్త తువ్వాలు ఒళ్లో పరుచుకుని బాసింపట్టు వేసి కూర్చున్నాడు. తువ్వాలు మీద తమలపాకు, తమలపాకు మీద చెవి. అప్ప చెవికి తమ్ముడు మేనమామ ఎలా అవుతాడని ఎవరో అడిగితే, "నా ఒంట్లోది నాకు పిల్ల కాదేటి? పిల్లకి ఈడు మావ కాదేటి?" అని ఆమె దబాయించింది. కంసాలి మాత్రం సూది కాల్చి పట్టుకుని, "రబ్బరుకి కుట్టడం నాను ఎప్పుడూ సెయ్యనేదమ్మా" అని గొణుక్కుంటున్నాడు. చివరికి కుట్టాడు. సన్నగా పొగ లేచింది, కాలిన వాసన వచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు, "ఓలమ్మా, గుంట ఏడవనేదే!" అని పగలబడి నవ్వారు. ఏడ్చిన పిల్ల నోట్లో పెట్టాల్సిన బెల్లం ముక్కని ఆమె తన నోట్లోనే వేసుకుంది.

తర్వాత బొడ్లోంచి గుడ్డపీలిక తీసి, పోగు పెట్టి, జిగురు రాసి చెవి అతికించుకుంది. పురికొస విప్పేసి కళ్లజోడు పెట్టుకుంది. తల పైకెత్తింది, దించింది, గబగబా ఇటూ అటూ ఊపింది. జోడు జారలేదు. చూపుడువేలు అలవాటుగా ముఖం దాకా వెళ్లి, అక్కడ పనేమీ లేక ఆగిపోయింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. ఆడవాళ్లు నవ్వడం మానేశారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూసిన మంచి గడియ అదొక్కటే. అందులో నేను చేసిందేమీ లేదు.

షావుకారు ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టాడు. మూడు నెలలు బాగానే గడిచింది. ఆ తర్వాత జిగురు సీసా అయిపోయింది.

చెవి ఉచితం గానీ జిగురు ఉచితం కాదు. అది విశాఖపట్నం నుంచి రావాలి. పప్పు ఆరబెట్టే కొలిమి గది పక్కన పని, ఒళ్లంతా చెమట, రోజుకి రెండు మూడుసార్లు అతికించుకోవాల్సిందే. దానికితోడు బంగారు పోగు బరువు. నేను ఆ పెద్దమనిషికి ఫోన్ చేశాను. "చెవి ఇచ్చాం కదయ్యా. నెలనెలా జిగురు కూడా మేమే పొయ్యాలా?" అన్నాడు. "అయినా దానికి బెజ్జం పెట్టమని ఎవడు చెప్పాడు? అంత ఖరీదు వస్తువుకి సూది గుచ్చుకుంటారా ఎవరైనా? మీవాళ్లకి ఉచితంగా ఏదిచ్చినా ఇంతే." మీవాళ్లు అంటే ఎవరని నేనడగలేదు. సరే సార్ అని పెట్టేశాను. నా నోట్లో ఆ రెండు ముక్కలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

ఆమె పోగు అమ్మేసి జిగురు తెప్పించుకుంది. ఏ పోగు కోసం చెవి కుట్టించిందో ఆ పోగునే. ఆ సీసాలూ అయిపోయాక, సైకిలు ట్యూబు పంక్చరుకి వేసే సొల్యూషన్ రాసుకుంది. చర్మం బొబ్బలెక్కి నీరు కారేది. ఆ బొబ్బల మీదే మళ్లీ రాసుకునేది. ఎందుకప్పా అంటే, "ముందు వరసలో లైటు బాగుంటాది బాబూ" అంది.

ఎండలు ముదిరిన ఒక రోజు మధ్యాహ్నం, కొనుగోలుదారులు వచ్చి నిలబడ్డప్పుడు, చెవి ఊడి పప్పు ట్రేలో పడింది. షావుకారు దాన్ని రెండు వేళ్లతో తీసి పొట్టుకుప్ప మీదకి విసిరేశాడు. ఆమెని అప్పటికప్పుడు లేచి పొమ్మన్నాడు. వారం కూలి కూడా మర్నాడొచ్చి పట్టుకెళ్లమన్నాడు. ట్రేలో పప్పు మాత్రం పారేయలేదు. కొన్నవాళ్లకి దణ్ణాలు పెట్టి సాగనంపి, ఆ ట్రేని అలాగే డబ్బాలోకి ఎత్తించాడు. ఈ సంగతి పక్కన కూర్చునే ఆడవాళ్లు చెప్పారు. ఆ రోజు నుంచీ నేను జీడిపప్పు ముట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధం. పండక్కి పాయసంలో పడితే తింటూనే ఉన్నాను.

నాకు విజయనగరం బదిలీ అయినప్పుడు చెప్పి వెళ్దామని ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో పిక్కలు ఆరబోసి ఉన్నాయి. కింద పరిచింది ఆ ఫ్లెక్సీయే. గాలివానకి పడిపోతే తమ్ముడు మడిచి తెచ్చాడట. పెద్దమనిషి ముఖం నిండా పిక్కలున్నాయి. ఆమె గుమ్మంలో కూర్చుని, ఇంటికి తెచ్చుకున్న పప్పుకి పొట్టు తీస్తోంది. ఇంటి దగ్గర చేస్తే ఫ్యాక్టరీ కూలిలో సగం కూడా గిట్టదు. జోడుకి మళ్లీ పురికొస వచ్చింది. పొట్టుకుప్పలోంచి ఏరి తెచ్చుకున్న చెవి, ఇంట్లో గోడమేకుకి వేలాడుతోంది. రంగు వెలిసి, బెజ్జం సాగి కిందిదాకా చీలిపోయింది.

"పెద్దమనిసివి వొచ్చినావు. ఎట్టుకోమంతావా?" అని మేకు వైపు చూపించింది.

"నాకోసం ఎందుకప్పా" అన్నాను.

"నాకోసమైతే నాకెందుకు? నాకు ఇనపడతంది. జోడుకి తాడు సాలు. ఆ సెవి సూసీవోలి కోసం." పప్పు ఒకటి ట్రేలో వేసి, చప్పుడు విని, పక్కకి తోసింది. "నా కన్నం సూడనేనిది ఆలు. మరి సెవికి డబ్బులు ఎవులెట్టాల? ఆలు కదా ఎట్టాల? మజ్జిన నాను పోగెందుకు అమ్ముకున్నాను? సదుకున్నోడివి, నువ్వు సెప్పు."

డాక్టర్లు, సంఘాలు, కార్డులు, కౌంటర్లు అన్నీ చూసినవాడిని, ఇంత సూటిగా ఈ ప్రశ్న ఎవరూ అడగ్గా వినలేదు. నేను చెప్పులు వేసుకోబోయాను.

"నా పది రూపాయిలేటి?" అంది.

జేబులో వెతికాను. అయిదొందల నోటు తప్ప లేదు. "చిల్లర లేదప్పా, ఈసారి వచ్చినప్పుడు" అన్నాను. ఆమె ఆ నోటు వైపు చూసి, "సర్లే" అని మళ్లీ పప్పు తీసుకుంది. ఆ నోటు మొత్తం ఆమె చేతిలో పెట్టేసి రావచ్చని నాకు రైలెక్కాక తట్టింది.

మొన్న వేసవిలో ఆమె పోయింది. ఉద్దానంలో ఎంతోమందిని తీసుకుపోయే కిడ్నీ జబ్బే. తమ్ముడు ఫోన్ చేస్తే పొద్దున్నే బయల్దేరాను. దారిలో అరటిపళ్లు కొని, వచ్చిన చిల్లరలోంచి ఒక పది రూపాయల నోటు విడిగా పై జేబులో పెట్టుకున్నాను.

వాకిట్లో పడుకోబెట్టారు. తల మీద పమిట లేదు. బతికుండగా చూపించమని అడగడానికి మొహమాటపడ్డవాళ్లందరూ ఇప్పుడు వంగి వంగి కుడివైపుకే వస్తున్నారు. దణ్ణం పెట్టడం, చూడటం, పక్కవాళ్ల చెవిలో ఏదో అనడం. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి గనక ఆ పెద్దమనిషి కూడా దండ పట్టుకుని దిగాడు. వెంట ఫోన్‌తో వీడియో తీసేవాడు ఒకడు. దండ వేసి, అదే వైపు వంగి, అదే చోట చూశాడు.

అప్పటిదాకా తల దగ్గర ఊరుకుని కూర్చున్న తమ్ముడు లోపలికి వెళ్లి పప్పు ఏరే స్టీలు ట్రే తెచ్చి ఆమె తల పక్కన పెట్టాడు. "మా అప్ప మాటొకటి ఉన్నాది. సూసినోలు పదేసి రూపాయిలు ఎట్టండి" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఫ్యాక్టరీలో ఆమె పక్కన కూర్చునే ముసలామె బొడ్లోంచి పది రూపాయల బిళ్ల తీసి ట్రేలో వేసింది. అది ఖంగున మోగింది. తర్వాత ఇంకొకామె వేసింది, ఆ తర్వాత ఇద్దరు మగవాళ్లు. తమ్ముడు ట్రే ఎత్తి పెద్దమనిషి ముందు పట్టుకున్నాడు. ఆయన జేబులు రెండూ తడుముకున్నాడు. "చిల్లర లేదయ్యా. నీ నంబరు చెప్పు, ఫోన్లో పంపిస్తాను" అన్నాడు. తమ్ముడు నంబరు చెప్పలేదు, ట్రే దించలేదు. వీడియో తీసేవాడు తనంతట తనే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆయన కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

తర్వాత ట్రే నా ముందుకొచ్చింది. జేబులో సిద్ధంగా ఉన్న నోటు తీసి వేశాను. కొంత తేలికైనట్టే అనిపించింది. ఆమె వైపు వంగబోయాను.

తమ్ముడు ట్రే కదపలేదు. "బాబూ, నీది పాతది పది ఉన్నాదని మా అప్ప సెప్పింది. అది ఇప్పుడు తీరిపోనాది" అన్నాడు నెమ్మదిగా. "ఇయాల సూస్తే ఇంకో పది."

జేబులో చెయ్యి పెట్టాను. మిగిలిన చిల్లర బస్సు టిక్కెట్టుకి ఇచ్చేశాను. ఉన్నవన్నీ పెద్ద నోట్లు. ఈసారి చిల్లర లేదని మాత్రం అనలేదు. పెద్ద నోటు వేసే మొహం కూడా లేకపోయింది. తల పక్కకి తిప్పుకుని, పాడె లేచేదాకా గోడవైపు చూస్తూ నిలబడ్డాను.